పొద్దున్నే మొండికేసే పాత పెట్రోలు కారు: స్టార్టింగ్, ఐడ్లింగ్ లోపాలను వరసగా పట్టుకోవడం

మా ఇంట్లో 2004 నాటి చిన్న పెట్రోలు కారు ఒకటి ఉంది. నాలుగు సిలిండర్ల ఎంపీఎఫ్‌ఐ ఇంజన్ (ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మేది), లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. రెండేళ్ల కిందట దానికి రెండు పాడు అలవాట్లు వచ్చాయి. పొద్దున సెల్ఫ్ కొడితే ఆరేడు సెకన్లు తిరిగితే గాని అందుకునేది కాదు. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ చేతిలో వణికేది, ఏసీ వేస్తే ఇంజన్ ఇక ఆగిపోతుందేమో అన్నట్టు కుంగేది. ఒక షెడ్డులో ప్లగ్గులు, వాటికి కరెంటు తెచ్చే హెచ్‌టీ వైర్లు మార్చారు. మరో షెడ్డులో ఆక్సిజన్ సెన్సార్ మార్చారు. తొమ్మిది వేలు వదిలాయి గాని కారుకు అలవాట్లు వదలలేదు. చివరికి తేలినదేమిటంటే అవి రెండూ వేర్వేరు జబ్బులు. రెండింటి మందూ కలిపి ఆరు వందల రూపాయలు దాటలేదు. అవేమిటో వాటి చోటు వచ్చినప్పుడు చెబుతాను.

మారుతి 800 ఎంపీఎఫ్‌ఐ, జెన్, ఆల్టో, శాంత్రో తరం కార్లను ఇంకా నడుపుతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. మారుతి 800 అమ్మకం 2010 ఏప్రిల్‌లోనే హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో ఆగింది, 2014 జనవరిలో తయారీ కూడా నిలిచిపోయింది. అయినా మన ఊళ్లలో అవి తిరుగుతూనే ఉన్నాయి. ఈ కార్లలో ఉన్న మంచి గుణం ఏమిటంటే బానెట్ ఎత్తితే అన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. నాలుగైదు వందల రూపాయల మల్టీమీటరు, ప్లగ్ స్పానర్, టార్చిలైటు, నోస్ ప్లయర్, ఓ నోటుపుస్తకం ఉంటే సగానికి పైగా పని ఇంట్లోనే అయిపోతుంది. కారు కంప్యూటర్‌లోని లెక్కలు చదివే స్కానర్ ఉంటే మేలు. కానీ మొదటే దాని జోలికి వెళ్లకండి.

ముందుగా రాసుకోండి

మెకానిక్ దగ్గరికి వెళ్లి "స్టార్టింగ్ ట్రబుల్" అంటే అది వైద్యుడి దగ్గర "ఒంట్లో బాగోలేదు" అన్నట్టే. రెండు మూడు రోజులపాటు ఇవి గమనించి రాయండి.

సెల్ఫ్ ఎలా తిరుగుతోంది? నీరసంగా, మూలుగుతూ తిరిగితే అది బ్యాటరీ, ఎర్తు (ఇంజన్‌ను బ్యాటరీ నెగటివ్‌కు కలిపే తీగ), సెల్ఫ్ మోటారు వైపు సంగతి. చురుగ్గా తిరిగి కూడా ఇంజన్ అందుకోకపోతే పెట్రోలు, స్పార్కు, సెన్సార్ల వైపు చూడాలి. అందుకుని వెంటనే ఆగిపోతుంటే, యాక్సిలరేటర్ కాస్త తొక్కి పట్టుకుంటేనే నిలబడుతుంటే, ఐడ్లింగ్‌కు, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరగడానికి, కావలసిన గాలి అందడం లేదని అర్థం.

ఎప్పుడు మొండికేస్తోంది? రాత్రంతా ఆగిన తరువాతా? వేడి ఇంజన్‌ను ఆపి, పది పదిహేను నిమిషాలకు మళ్లీ కొట్టినప్పుడా? పెట్రోలు బంకులో ట్యాంకు నింపించిన వెంటనేనా? వాన పడిన మర్నాడా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు నాలుగు వేర్వేరు భాగాల వైపు వేలు చూపిస్తాయి.

వణుకు ఎలాంటిది? ఒకే తాళంలో టక్, టక్ మని తప్పుతుంటే ఒక సిలిండరు పనిచేయడం లేదు. మన మెకానిక్కులు దాన్నే "మిస్సింగ్" అంటారు. ఆర్‌పీఎం ముల్లు ఊయలలా పైకీ కిందికీ పోతుంటే గాలి లెక్క తప్పింది. ముల్లు కదలకుండా నిలబడి ఉన్నా కారంతా ఊగుతుంటే ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు చూడండి. రబ్బరు చితికిన మౌంటింగు వల్ల ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ కూడా రోగిష్టిలా కనిపిస్తుంది. మారుతి 800, ఆల్టోల మూడు సిలిండర్ల ఇంజన్‌కు పుట్టుకతోనే కాస్త వణుకు ఉంటుంది. దాన్ని జబ్బుగా లెక్కించకండి.

బ్యాటరీ, ఎర్తు

రాత్రంతా ఆగిన కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2కు దిగిందంటే సగమే ఉన్నట్టు. మీటరు అలాగే పట్టుకుని ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 9.6 వోల్టుల కిందికి పడితే, ఇంజన్ తిరుగుతున్నా దాన్ని నడిపించే కంప్యూటర్‌కు, ప్లగ్గులకు స్పార్కు పుట్టించే కాయిల్‌కు చాలినంత విద్యుత్తు అందదు. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య కనిపించాలి.

పాత కార్లలో అందరూ వదిలేసే పరీక్ష ఒకటుంది. మీటరు నల్ల తీగను బ్యాటరీ నెగటివ్ మేకుకు, అంటే క్లాంపుకు కాదు, మధ్యలో ఉన్న సీసపు మేకుకే ఆనించండి. ఎర్ర తీగను ఇంజన్ బ్లాకు మీద శుభ్రమైన లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్తు తీగ కుళ్లిందన్నమాట. సముద్ర తీరాన ఉండే కార్లలో ఈ అల్లిక తీగ పైకి బాగానే కనిపిస్తుంది, బోల్టు విప్పితే కింద పచ్చటి పొడి రాలుతుంది. సెన్సార్లు కొలిచే విలువలు వోల్టులో పదో వంతుల్లో మారుతుంటాయి. ఎర్తు సరిగా లేకపోతే అవన్నీ అబద్ధాలే చెబుతాయి. అందుకే తక్కిన పరీక్షలన్నింటికంటే ఇది ముందు.

గాలి: ఎక్కువసేపు ఆగవలసిన చోటు

ఐడ్లింగ్‌లో థ్రాటిల్ పలక, అంటే యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని గాలిని లోపలికి వదిలే పలక, దాదాపు మూసే ఉంటుంది. దాని అంచున ఉన్న సన్నని సందు, పక్కన ఐడిల్ వాల్వు తెరిచే దారి, ఇంజన్ పీల్చుకునే గాలంతా ఈ రెండింటి గుండానే రావాలి. ఇరవై ఏళ్లలో పలక అంచున నల్లటి జిగురు మసి చుట్టూ ఉంగరంలా పేరుకుంటుంది. ఆ సందు ఇరుకైన కొద్దీ ఐడిల్ వాల్వు మరింత తెరుచుకుంటుంది. ఒకరోజు అది పూర్తిగా తెరుచుకున్నా గాలి చాలదు. ఏసీ వేయగానే, స్టీరింగ్ తిప్పగానే ఇంజన్ కుంగిపోతుంది.

ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే లావుపాటి గొట్టం విప్పి, థ్రాటిల్ పలకను వేలితో తెరిచి టార్చి వేసి చూడండి. మసి ఉంటే థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను గుడ్డ మీద చల్లి తుడవండి. ఇంజన్ చల్లగా ఉండాలి, దగ్గరలో మంట ఉండకూడదు. కత్తితో, ఉప్పుకాగితంతో గీకవద్దు. పలకను ఆపే చిన్న స్క్రూ ఒకటి కనిపిస్తుంది, చాలాసార్లు దాని మీద రంగు చుక్క ఉంటుంది. దాన్ని తిప్పి ఐడ్లింగ్ పెంచడం మన షెడ్లలో మామూలే. అది రోగాన్ని దాచిపెట్టడం. ఆ తరువాత కంప్యూటర్‌కు "పలక మూసుకుంది" అన్న గుర్తే చెదిరిపోతుంది. ఐడిల్ వాల్వును కూడా విప్పి శుభ్రం చేయవచ్చు, కానీ దాని మొనను చేత్తో నొక్కకండి, లోపలి సన్నని మర చెడుతుంది. పని అయ్యాక బ్యాటరీ నెగటివ్ పది నిమిషాలు తీసి పెట్టండి. తిరిగి తగిలించి లైట్లు, ఏసీ లేకుండా పది నిమిషాలు, ఏసీ వేసి మరో అయిదు నిమిషాలు ఇంజన్‌ను దాని మానాన తిరగనివ్వండి. చాలా కార్లు అప్పటికి కొత్త లెక్క నేర్చుకుంటాయి.

ఇక గాలి లీకు. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది పొరబడేది ఇక్కడే. కొన్ని కార్లలో లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలిచే సెన్సార్ ఉంటుంది. వాటిలో గొట్టం పగిలితే ఆ దొంగ గాలి లెక్కలోకి రాదు. మిశ్రమంలో పెట్రోలు తక్కువై ఇంజన్ తుళ్లుతుంది. మన పాత చిన్న కార్లలో చాలావాటికి ఆ సెన్సార్ ఉండదు, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డులోని పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. వీటిలో దొంగ గాలి వస్తే పీడనం పెరుగుతుంది, కంప్యూటర్ దానికి తగ్గట్టు పెట్రోలు కూడా పెంచుతుంది. అందువల్ల ఐడ్లింగ్ పడిపోదు సరికదా, 1,200, 1,500కు ఎక్కి కూర్చుంటుంది, లేదా ఊయలలూగుతుంది. లీకు ఒక సిలిండరు ద్వారం పక్కనే ఉంటే ఆ సిలిండరు మాత్రం మిస్సింగ్ కొడుతుంది. కాబట్టి మీ కారులో ఏ సెన్సార్ ఉందో తెలియకుండా లక్షణం చూసి తీర్పు చెప్పకండి.

లీకు వెతకడానికి ఇంజన్ నడుస్తుండగా, మానిఫోల్డు నుంచి బయలుదేరే ఒక్కొక్క రబ్బరు గొట్టాన్నీ గుడ్డ చుట్టిన నోస్ ప్లయర్‌తో నొక్కి పట్టండి. బ్రేకు బూస్టరుకు పోయేది, ఇంజన్ లోపలి ఆవిర్లను తిరిగి మానిఫోల్డులోకి పంపే పీసీవీ వాల్వు నుంచి వచ్చేది, పెట్రోలు ఆవిరి డబ్బాకు పోయేది, పెట్రోలు పీడనాన్ని అదుపుచేసే రెగ్యులేటరుకు పోయేది. ఏ గొట్టం నొక్కితే ఐడ్లింగ్ చక్కబడుతుందో దొంగ ఆ గొట్టంలోనో, దాని అవతలో ఉన్నట్టు. గాస్కెట్ల అంచున మంచినీళ్లు సన్నగా చల్లితే లీకు ఉన్న చోట ఒక్క క్షణం శబ్దం మారుతుంది. కార్బ్యురేటర్ క్లీనర్ చల్లి చూడమని చాలామంది చెబుతారు. వేడి ఎగ్జాస్టు పక్కన మండే ద్రవం చల్లే పని నేనైతే చేయను.

మా కారు వణుకు ఇక్కడే దొరికింది. పీసీవీ గొట్టం పైనుంచి చూస్తే నిగనిగలాడుతోంది. వేళ్లు కిందికి పోనిచ్చి తడిమితే, వంపు అడుగున చిటికెన వేలి గోరంత చీలిక తగిలింది. మానిఫోల్డు దగ్గరి వంపు కావడంతో దొంగ గాలంతా పక్కనున్న ఒకే సిలిండరులోకి పోయేది. ఇంజన్ కదిలినప్పుడల్లా చీలిక నోరు తెరిచి మూసేది. రెండు షెడ్లలోనూ ఎవరూ కింద చెయ్యి పెట్టి చూడలేదు. రబ్బరును కళ్లతో నమ్మకండి, వంచి చూడండి, పిండి చూడండి. ఎలుక పళ్ల గుర్తులు కూడా చూడండి. వారం పది రోజులు కదలని కారు బానెట్ కింద చాటుగా ఉంటుంది కాబట్టి అవి కాపురం పెడతాయి. గొట్టాలతో పాటు ఇంజెక్టర్ల తీగలనూ కొరుకుతాయి.

ట్యాంకు నింపిన వెంటనే మొండికేసే కారు అయితే డబ్బాలోని పెట్రోలు ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే పర్జ్ వాల్వును అనుమానించండి. వేడెక్కిన ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా డబ్బా వైపు గొట్టం ఊడదీసి వాల్వు మూతికి వేలు అడ్డం పెడితే మామూలుగా పీల్పు ఉండదు, ఉన్నా ఆగి ఆగి స్వల్పంగా ఉంటుంది. గట్టిగా, ఎడతెగకుండా పీలుస్తుంటే వాల్వు మూసుకోవడం లేదు.

స్పార్కు: మిస్సింగ్ ఏ సిలిండరుదో

పాత పద్ధతిలో ఒక్కొక్క ప్లగ్ వైరు లాగి చూసేవారు. ఇంజెక్షన్ కార్లలో అది వద్దు. కాయిల్ కాలవచ్చు, షాకు కొట్టవచ్చు, కాలని పెట్రోలు వెళ్లి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను వేడెక్కించి పాడుచేస్తుంది. దానికి బదులు ఇంజెక్టర్ కనెక్టర్‌ను ఒక్కొక్కటిగా తీసి పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న సిలిండరుది తీస్తే ఇంజన్ ఇంకా కుంగుతుంది. ఏది తీసినప్పుడు తేడా కనిపించదో అదే చచ్చిన సిలిండరు.

పట్టుకున్నాక దాని ప్లగ్గును, వైరును పక్క సిలిండరుకు మార్చండి. జబ్బు వాటితో పాటే వెళితే కొనవలసినవి అవే. వెళ్లకపోతే డబ్బు మిగిలినట్టే. రెండు కాయిళ్లు నాలుగు సిలిండర్లకు పనిచేసే ఇంజన్లలో 1, 4 ఒక జత, 2, 3 ఒక జత. ఒక జత మొత్తం చచ్చిందంటే కాయిల్‌నో, దానికి వచ్చే తీగనో చూడాలి. ఒక్కటే చచ్చిందంటే సాధారణంగా ప్లగ్గు, వైరు, ఇంజెక్టర్, లేదా లోపలి కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే బిగువు).

వాన మర్నాటి మొండితనానికి రాత్రి పరీక్ష పెట్టండి. చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా దూరం నుంచే వైర్ల మీద నీళ్లు సన్నగా చల్లండి. చెయ్యి పెట్టకండి. రబ్బరులో పగుళ్లు ఉంటే నీలి మెరుపులు తీగ మీద నుంచి ఇంజన్ లోహం మీదికి దూకుతాయి.

ప్లగ్గుల మొన ఇటుకపొడి రంగులోనో, లేత గోధుమ రంగులోనో ఉంటే మంచిది. పొడి మసి అంటే పెట్రోలు ఎక్కువ. జిడ్డు తడి అంటే ఆయిలు పైకి వస్తోంది. తెల్లగా బొబ్బలెక్కితే పెట్రోలు తక్కువ, వేడి ఎక్కువ. గ్యాపు ఈ కార్లలో ఎక్కువగా 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లు ఉంటుంది, మాన్యువల్ చూసి సరిచేయండి. చల్లటి ఇంజన్ మీదే విప్పండి, బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే వేయండి. అల్యూమినియం హెడ్డులో మర పోతే ఆ ఖర్చు వేరు.

పెట్రోలు

తాళం చెవి ఆన్ చేయగానే, సెల్ఫ్ కొట్టకముందే, వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు "గుయ్" మని పంపు మోత వినిపించాలి. అసలు వినిపించకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడండి.

మోత ఉండీ పొద్దున ఆలస్యంగా అందుకుంటుంటే కాసు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఆన్ చేసి మోత ఆగేవరకు ఉండండి, ఆఫ్ చేయండి. ఇలా మూడుసార్లు చేశాక సెల్ఫ్ కొట్టండి. అప్పుడు ఠక్కున అందుకుంటే రాత్రి పైపులో ఉండవలసిన పీడనం దిగిపోతోందన్నమాట. పంపులోని చెక్ వాల్వు వెనక్కి వదులుతోంది, లేదా ఇంజెక్టర్ కారుతోంది. రెండింటికీ తేడా తేలికే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే చాలా కార్లలో ఇంజెక్టర్లు మూసుకుంటాయి. అలా కొట్టినప్పుడు అందుకుని, నల్లటి పొగతో పెట్రోలు వాసన కొడితే ఇంజెక్టర్ కారి సిలిండరు నిండిపోతోంది. వేడి ఇంజన్ పదిహేను నిమిషాలు ఆగాక మొండికేయడం కూడా ఈ ఇంజెక్టర్ పనే కావచ్చు.

పీడనాన్ని గేజీతో కొలవడం మెకానిక్ పని. పెట్రోలు చిమ్ముతుంది, అనుభవం లేకపోతే దిగకండి. సాధారణంగా 3 నుంచి 3.5 బార్ మధ్య ఉండాలి. రెగ్యులేటరు ఇంజన్ మీదే ఉన్న కార్లలో దాని సన్నని గాలి గొట్టం ఊడదీసి చూడండి. అందులో పెట్రోలు తడి కనిపిస్తే లోపలి పొర చిరిగింది, గేజీ అక్కరలేదు. ఇంజెక్టర్ కొనల మధ్య 12 నుంచి 16 ఓమ్‌లు ఉండాలి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజెక్టర్ మీద, పిడిని చెవి దగ్గర పెట్టి వింటే టిక్ టిక్ మంటుంది. నాలుగింటిలో ఒకటి మూగబోతే తెలిసిపోతుంది. ఎల్‌పీజీ, సీఎన్‌జీ కిట్టు బిగించి ఏళ్లపాటు గ్యాసు మీదే తిప్పిన కార్లలో పెట్రోలు ఇంజెక్టర్లు ఎండి జిగురు పట్టడం మామూలు. వాటిని శుభ్రం చేయించాలి.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు గురించి చాలామంది అడుగుతారు. దాన్ని పూర్తిగా కాల్చడానికి కావలసిన గాలి, పెట్రోలు నిష్పత్తి మామూలు పెట్రోలుకున్నట్టు 14.7 కాదు, సుమారు 13.5. ఆక్సిజన్ సెన్సార్ వేడెక్కాక కంప్యూటర్ ఆ తేడాను సర్దుకుంటుంది. వేడెక్కకముందు పాత లెక్కనే నమ్ముతుంది కాబట్టి మొదటి నిమిషంలో కాస్త తడబాటు ఉండవచ్చు. నెలల తరబడి కదలని కారులో ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. పైపులు జిగటగా తగిలితే మార్చేయండి. కానీ ఎర్తూ గొట్టాలూ చూడకుండా పెట్రోలును తిట్టడం సోమరితనం.

సెన్సార్లు: లైటు వెలగనంత మాత్రాన నమ్మవద్దు

పొద్దున మొండికేసే కారులో సెన్సార్లన్నింటిలో నేను మొదట చూసేది కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత సెన్సార్. ఇంజన్ చల్లగా ఉందా, వేడిగా ఉందా అన్నది కంప్యూటర్‌కు చెప్పేది అదే. చల్లటి ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ కావాలి. సెన్సార్ వేడిగా ఉందని చెబితే పెట్రోలు తగ్గిపోతుంది, ఇంజన్ అందుకోదు.

రాత్రంతా ఆగిన మా కారు దగ్గరికి ఉదయం ఆరు గంటలకు వెళ్లి స్కానర్ తగిలించి, ఇంజన్ వేయకుండా ఆన్ చేసి చూశాను. లోపలికి వచ్చే గాలి 25 డిగ్రీలు. కూలెంట్ 58 డిగ్రీలు. రాత్రంతా ఆగిన ఇంజన్‌లో ఈ రెండూ దాదాపు ఒకటే ఉండాలి. తీగ తెగితే మైనస్ 40 చూపిస్తుంది, అప్పుడు కంప్యూటర్‌కు అనుమానం వచ్చి లైటు వెలిగిస్తుంది. 58 అన్నది నమ్మదగ్గ అబద్ధం, అందుకే లైటు వెలగలేదు. షెడ్డులో స్కానర్ పెట్టి "తప్పులేమీ లేవు" అన్నదీ అందుకే. సెన్సార్ ఖరీదు నాలుగు వందలు. స్కానర్ లేకపోతే కనెక్టర్ తీసి మల్టీమీటరుతో కొలవండి. ఈ తరహా సెన్సార్లలో చాలావాటికి 30 డిగ్రీల దగ్గర ఒకటిన్నర నుంచి రెండు కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర మూడు వందల ఓమ్‌ల అటూ ఇటూ ఉంటుంది.

మ్యాప్ సెన్సార్‌కు కూడా ఇలాంటి తేలికైన లెక్క ఉంది. ఇంజన్ వేయకుండా ఆన్ చేస్తే అది బయటి గాలి పీడనమే చూపాలి. విశాఖలో, కాకినాడలో 100 కిలోపాస్కల్ దగ్గర, హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ 95 దగ్గర. వేడెక్కిన ఇంజన్ ఐడ్లింగ్‌లో 30 నుంచి 40 మధ్యకు దిగాలి. వాక్యూమ్ గేజీ వాడేవారు కూడా ఇది గుర్తుంచుకోవాలి. పుస్తకాల్లో రాసే 17 నుంచి 21 పాదరసపు అంగుళాలు తీరప్రాంతానికి సరిపోతాయి, హైదరాబాద్‌లో దాదాపు రెండు అంగుళాలు తగ్గించి చదవాలి.

వేడెక్కాక నడిరోడ్డు మీద ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే కారులో, ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సార్‌ను అనుమానించండి. సెల్ఫ్ తిరుగుతుండగా ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా కదలకపోతే అనుమానం బలపడుతుంది. సెన్సార్ మీద తడిగుడ్డ వేసి రెండు నిమిషాలు చల్లార్చాక అందుకుంటే ఇక మార్చేయవచ్చు. 2010కి ముందటి కార్లు కొన్ని చవక స్కానర్లతో మాట్లాడవు. దాన్ని చూసి కారు కంప్యూటర్ పోయిందని కంగారు పడకండి.

ఇవన్నీ బాగుంటే

మిగిలింది ఇంజన్ లోపలి సంగతి. కంప్రెషన్ కొలిపించండి. అంకె ఎంత అన్నదానికంటే నాలుగూ దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి బాగా తక్కువ వస్తే ఆ సిలిండరులో చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. అన్నీ సమానంగా తక్కువ ఉంటే, ముఖ్యంగా టైమింగ్ బెల్టు ఈ మధ్యే మార్చి ఉంటే, ఒక పన్ను తప్పి బిగించారేమో చూడమనండి. వాల్వులను తెరిచే టాపెట్లకు సర్దుబాటు ఉన్న ఇంజన్లలో గ్యాపులు మరీ బిగుసుకున్నా ఐడ్లింగ్ ఇలాగే తయారవుతుంది.

ఈ మజిలీకి వచ్చాక ఆటోనగర్‌కు తీసుకెళ్లండి. కాకపోతే చేతిలో కాగితం పెట్టుకుని వెళ్లండి: బ్యాటరీ ఇంత, ఎర్తు ఇంత, ఫలానా సిలిండరు మిస్సింగ్, ప్లగ్గు మార్చి చూశాను, జబ్బు కదల్లేదు. కారు ఇచ్చేటప్పుడు రాత్రికి అక్కడే ఉంచి, పొద్దున మీరు వెళ్లేవరకు ఎవరూ సెల్ఫ్ కొట్టవద్దని చెప్పండి. చల్లటి ఇంజన్ మొండితనాన్ని వేడి ఇంజన్ మీద ఎవరూ పట్టుకోలేరు.